కారుకూ ఉంది ఏటేటా పరీక్ష



మనకు ఏటా పరీక్షలున్నట్టే బ్రిటన్‌లో కార్లకూ ఒక పరీక్ష ఉంది. దాని పేరు ఎం.ఓ.టి. పై చదువులకు అక్కడికి వెళ్లిన మన తెలుగు విద్యార్థులు పాత కార్లు కొంటుంటారు. మా ఇళ్లలో డిగ్రీ చదివినవారు మాకు ముందు లేరు, కారు కొన్నవారు అసలే లేరు. అడిగితే చెప్పే పెద్దదిక్కు లేని మన తమ్ముళ్ల కోసం, మేము చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఈ పరీక్ష 1960లో మొదలైంది. అప్పట్లో పదేళ్లు దాటిన వాహనాలకు బ్రేకులు, లైట్లు, స్టీరింగు మాత్రమే చూసేవారు. 1967 నుంచి మూడేళ్లు నిండిన కార్లకూ వర్తింపజేశారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఈ పరీక్షను ప్రభుత్వ అనుమతి పొందిన గ్యారేజీలు చేస్తాయి.

పరీక్ష చేసే టెస్టర్ తన ఇష్టం వచ్చినట్టు తీర్పు చెప్పడానికి వీల్లేదు. దేనికి దానికి కొలత ఉంది. టైరు వెడల్పులో నడిమి ముప్పావు భాగాన, చుట్టూతా, గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బ్రేకులను రోలర్ల మీద పరీక్షిస్తారు. 2010 సెప్టెంబరు నుంచి రోడ్డెక్కిన కార్లకు బ్రేకు పట్టు బండి బరువులో కనీసం 58 శాతం ఉండాలి. డ్రైవరుకు ఎదురుగా 290 మిల్లీమీటర్ల వెడల్పున అద్దం మీద 10 మిల్లీమీటర్లకు మించిన దెబ్బ ఉంటే ఫెయిలే. డోరు మీద కాస్త తుప్పు పట్టినంత మాత్రాన ఫెయిల్ కాదు. అదే తుప్పు సీటు బెల్టు బిగించిన చోటుకు 30 సెంటీమీటర్ల లోపల ఉండి, అక్కడి ఇనుము బలాన్ని తినేస్తే ఊరుకోరు.

2018 మే నుంచి లోపాలను మూడు రకాలుగా విడదీశారు: ప్రమాదకరం, పెద్దది, చిన్నది. మొదటి రెండింటిలో ఏది ఉన్నా కారు ఫెయిల్. చిన్నదైతే రాసిపెట్టి పాస్ చేస్తారు. ఇవి కాక, "ఇప్పటికి పర్వాలేదు, కనిపెట్టుకొని ఉండండి" అనే సలహాలు కూడా కాగితం మీద రాస్తారు.

ఒక సంగతి మరచిపోవద్దు. టెస్టర్ ఏ భాగాన్నీ విప్పి చూడడు. ఇంజను, క్లచ్, గేర్‌బాక్స్ లోపల ఎంత అరిగాయో ఈ పరీక్ష చెప్పదు. పాసైన కారు మంచి కారే అని అనుకోకూడదు.

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం రావాలి. ఫెయిల్ చేసిన గ్యారేజీయే రిపేరు చేసి డబ్బు తీసుకుంటే న్యాయమెలా? అందుకే ఎందుకు ఫెయిలైందో కాగితం మీద రాసివ్వాలి. రిపేరు ఎక్కడైనా చేయించుకోవచ్చు. తీర్పు తప్పనిపిస్తే, రిపేరు చేయించకముందే, 14 పనిదినాల లోపు ప్రభుత్వ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. మన దేశం ఇంకో దారి పట్టింది. ఆటోలు, బస్సులు, లారీల ఫిట్‌నెస్ కోసం 2021లో తెచ్చిన యాంత్రిక పరీక్షా కేంద్రాల నియమాల ప్రకారం, పరీక్షించే కేంద్రం రిపేర్లు చేయరాదు, విడిభాగాలు అమ్మరాదు. రెండు దారుల్లో మాకు ఇదే నచ్చింది. మార్కులు వేసే చేయి, ట్యూషన్ ఫీజు తీసుకునే చేయి ఒకటి కాకూడదు కదా!

బ్రిటన్‌లో పాత కారు కొనే తమ్ముడు ముందుగా నంబరు కొట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దాని పాత ఫలితాలు చూసుకోవాలి. పైసా ఖర్చు లేదు. తిరిగిన మైళ్లు ఒక ఏడు కంటే తరువాతి ఏడు తగ్గాయంటే మోసం ఉండవచ్చు. బ్రేకు పైపు తుప్పు గురించి ఏటా అదే సలహా రాసి ఉంటే, ఆ యజమాని పట్టించుకోలేదనే అర్థం. అమ్మేవాడి తీపి మాటల కంటే ఈ రాత నమ్మదగినది.

ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపిన డబ్బుతో కొనే బండి అది. అందులో కూర్చునేది మన ప్రాణం. తీర్పు ఎవరు చెప్పినా సరే, కొలత ఏమిటో, కారణం ఏమిటో అడగండి. అడగడం చదువుకున్నవాడి హక్కు.