వేగము హెచ్చించిన ప్రాసెసరు ఏల తడబడును?

కంప్యూటరునందలి ప్రాసెసరును, దానిని నిర్మించినవారు నిర్ణయించిన వేగమునకు మించి నడపుటను ఓవర్‌క్లాకింగందురు. మా పైతరగతుల విద్యార్థులలో కొందఱు ఈ పనియందు మిక్కిలి యుత్సాహము చూపుచున్నారు. వేగము హెచ్చినదని సంతోషించిన మఱునాడే యంత్రము నీలితెర చూపి యాగిపోవును. లేదా తనంతట తానే మరల మొదలగును. అప్పుడు వారు దొరకిన సలహాలనన్నిటిని ఒక్కమాఱే ప్రయోగింతురు. ఏది వ్యాధియో, ఏది మందో తెలియకపోవును. అట్టి యంత్రము ఏల తడబడునో, దానిని ఏ క్రమమున పరీక్షింపవలెనో ఈ వ్యాసమున వివరింప యత్నించెదము.

ప్రాసెసరులోని పనులన్నియు క్లాకు అను స్పందనమునకు లోబడి నడచును. వేగము 3.5 గిగాహెర్ట్జులనగా సెకనునకు 350 కోట్ల స్పందనములని యర్థము. రెండు స్పందనముల నడుమ దొరకు కాలము సుమారు 286 పికోసెకనులు మాత్రమే. అంత కాలములో వెలుతురు సైతము 9 సెంటీమీటరులు పోజాలదు. ఆ స్వల్పకాలములోనే ట్రాన్సిస్టరుల వరుసలు ఒకదాని వెంట నొకటి మాఱి, లెక్క తేల్చి, ఫలితమును తరువాతి స్థానమునకు అందింపవలెను. వేగమును పెంచినకొలది ఈ గడువు తగ్గును. ఫలితము సిద్ధము కాకమునుపే తరువాతి స్పందనము వచ్చిపడినచో, సగము తేలిన లెక్కయే సరియైన లెక్కగా ముందునకు పోవును. లోపలి మార్గములన్నియు ఒకే నిడివి గలవి కావు. మిక్కిలి దీర్ఘమైన మార్గమే ముందుగా తప్పును. కావుననే నూఱు పనులను చక్కగా చేసిన యంత్రము నూటయొకటవ పనిలో తప్పుచేయుచుండును.

1998వ సంవత్సరమున ఇంటెల్ కంపెనీవారు విడుదల చేసిన సెలరాన్ 300ఏ అను ప్రాసెసరు ఈ విద్యలో ప్రసిద్ధి గాంచినది. అది 66 మెగాహెర్ట్జుల మూలస్పందనమును నాలుగున్నర రెట్లు చేసికొని 300 మెగాహెర్ట్జుల వేగమున నడచెడిది. మూలస్పందనమును 100కు మార్చినంతనే వేగము 450 అయ్యెడిది. పెక్కు చిప్పులు ఈ వేగమును సహించెను, కొన్ని సహింపలేదు. ఒకే కార్ఖానాలో ఒకే నమూనాగా తయారైనను రెండు చిప్పులు ఒక్కతీరుగా నుండవు. పొరుగువాని యంత్రమునకు చెల్లిన అంకెలు మనకును చెల్లునని నమ్మరాదు.

నిర్మాతలకే ఈ హద్దు చిక్కని సందర్భమొకటి కలదు. 2000వ సంవత్సరము జూలై నెలాఖరున ఇంటెల్ వారు 1.13 గిగాహెర్ట్జుల పెంటియం 3ను విడుదల చేసి, ఆగష్టు నెలాఖరున దానిని వెనుకకు తీసికొనిరి. లినక్స్ కెర్నెలును కంపైలు చేయుటయందు అది నిలువలేదని స్వతంత్ర పరీక్షకులు కనిపెట్టియుండిరి.

యంత్రము ఆగిపోవుట పెద్ద కీడు కాదని మా యభిప్రాయము. ఆగిపోయిన యంత్రము తన దోషమును తానే చాటుచున్నది. ఆగక, తప్పులెక్కను సరియైనదానివలె భద్రపఱచు యంత్రమునకే భయపడవలెను. తండ్రిగారి దుకాణపు లెక్కలలో నొక అంకె మాఱవచ్చును. కుదించి దాచిన పెండ్లి ఫోటోల మూట మరల విప్పరాకపోవచ్చును. అది తెలియునప్పటికి నెలలు గడచియుండును. జార్జి వోల్ట్‌మన్ 1996లో ఆరంభించిన మెర్సెన్ ప్రధానసంఖ్యల అన్వేషణమున, ఒక కంప్యూటరు తేల్చిన ఫలితమును చిరకాలము మఱియొకసారి వేఱుగా లెక్కింపజేసి గాని నిశ్చయింపకుండిరి. యంత్రములు చప్పుడు చేయక పొరపాటు పడునని వారికి అనుభవముచే తెలియును.

ఇక పరీక్షాక్రమము. మొదట బయాస్‌లోని మార్పులన్నిటిని రద్దుచేసి నిర్మాత యేర్పఱచిన స్థితికి తేవలెను. యంత్రము బయాస్ వఱకును రానిచో, విద్యుత్తును పూర్తిగా తొలగించి, మదర్‌బోర్డుపై నున్న నాణెమువంటి బ్యాటరీని కొంతసేపు తీసియుంచినచో సాధారణముగా ఆ స్థితి వచ్చును. అప్పుడును యంత్రము ఆగుచున్నచో దోషమునకు వేగము కారణము కాదు. పవర్ సప్లైనో, మెమొరీనో, మఱియొకదానినో శంకింపవలెను. ఈ మొదటి మెట్టును దాటవేయువారే యెక్కువ; వారే వారములకొలది చీకటిలో తడవులాడుదురు.

మెమొరీ కడ్డీల పెట్టెపై వ్రాసిన వేగము సైతము తఱచుగా ఓవర్‌క్లాకింగే యను సంగతి పలువురు ఎఱుగరు. డీడీఆర్4 మెమొరీకి ప్రమాణముగా నిర్ణయింపబడిన వేగములలో 3200 గరిష్ఠము. 3600 అని అమ్మునది ఆ హద్దును దాటినదే. కావున ప్రాసెసరును పరీక్షించునప్పుడు మెమొరీని ప్రమాణవేగముననే యుంచవలెను. మెమొరీని వేఱుగా మెమ్‌టెస్ట్86 అను సాధనముతో ఒక రాత్రియెల్ల పరీక్షింపవలెను. పిమ్మట ప్రాసెసరు వేగమును 100 మెగాహెర్ట్జుల చొప్పున పెంచుచు, వేగము, వోల్టేజి, ఉష్ణోగ్రత, ఫలితము అను నాలుగింటిని నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. ఒక్కమాఱు ఒక్కటియే మార్పవలెను. ఇది విసుగు పుట్టించు పనియే, కాని దీనికి దగ్గఱదారి మేమెఱిగినంతలో లేదు.

పరీక్షకు, పైన చెప్పిన అన్వేషణమువారి ప్రైమ్95 చాలకాలముగా వాడుకలో నున్నది. అందలి లెక్కలు తుదకు పూర్ణసంఖ్యలకు మిక్కిలి సమీపమున తేలవలెను. తేడా 0.4కు లోపుగా నుండవలసినది 0.5 వచ్చినదని అది తెలిపినచో, ప్రాసెసరు గాని మెమొరీ గాని తప్పుచేసినదని గ్రహింపవలెను. చిన్న ఎఫ్ఎఫ్‌టీల పరీక్షలో దత్తాంశము ప్రాసెసరులోని క్యాషెలోనే యిముడును. అందు త్వరగా తప్పినచో వోల్టేజి చాలలేదనియో, వేడి యెక్కువైనదనియో అనుమానింపవలెను. అది నిలిచి, మెమొరీని విస్తారముగా వాడు పరీక్షలో తప్పినచో మెమొరీ వైపు చూడవలెను. రాత్రియెల్ల పరీక్షకు నిలిచి, ఉదయమున ఏ పనియు లేక యూరకున్నప్పుడు ఆగిపోవు యంత్రములును కలవు. పని లేనప్పుడు ప్రాసెసరు తన వోల్టేజిని తగ్గించుకొనును. ఆ తగ్గింపు మితిమీరినచో విశ్రాంతియే ముప్పగును.

వోల్టేజి పెంచినచో ట్రాన్సిస్టరులు త్వరగా మాఱును, తప్పులు తగ్గును. కాని దాని వెలను లెక్కించి చూడుడు. ప్రాసెసరు పనిచేయుటలో వ్యయమగు విద్యుత్తు వేగమునుబట్టియు, వోల్టేజి వర్గమునుబట్టియు పెరుగును. వేగమును 3.5 నుండి 4.2 గిగాహెర్ట్జులకును, వోల్టేజిని 1.20 నుండి 1.35కును పెంచితిమనుకొందము. వేగము 1.2 రెట్లు, వోల్టేజి వర్గము 1.27 రెట్లు, రెండును గుణింపగా 1.52. ఐదవవంతు వేగమునకై సగమునకు మించిన వేడిని అదనముగా కొనితెచ్చుకొంటిమి. ఆ వేడిని తొలగించు ఫ్యాను గదిలోని గాలినే వాడుకొనును. మన జిల్లాలలో వేసవియందు ఆ గాలియే 40 డిగ్రీలకు చేరును గనుక, పుష్యమాసమున నిలిచిన యమరిక జ్యేష్ఠమాసమున నిలువకపోవుట వింత కాదు. పలు ప్రాసెసరులు 100 డిగ్రీల సమీపమున తమ వేగమును తామే తగ్గించుకొనును. అప్పుడు యంత్రము ఆగదు గాని, పెంచిన వేగమును దక్కదు.

తెరపై కనబడు మాటలను అక్షరాల నమ్మరాదు. ఇంటెల్ వారి 13, 14 తరముల డెస్క్‌టాపు ప్రాసెసరులు కొన్నిటిలో, ఆటలు తెరచునప్పుడు గ్రాఫిక్సు కార్డు మెమొరీ చాలదను సందేశము వచ్చుచుండెను. లోపము కార్డులో లేదు. కుదించిన దత్తాంశమును విప్పుటయందు ప్రాసెసరే తప్పుచుండెను. 2024లో ఇంటెల్ వారు దీనికి కారణమును వెల్లడించిరి. అధికమైన వోల్టేజి, ఉష్ణోగ్రతలచే లోపలి క్లాకు వలయమొకటి అరిగి, మునుపటి వోల్టేజి దానికి చాలకపోయినది. వారు మైక్రోకోడును సవరించి, వారంటీని రెండేండ్లు పొడిగించిరి. ఆ సవరణ క్రొత్త హానిని అరికట్టునేగాని అరిగిన చిప్పును బాగుచేయజాలదు.

తమ చేతులతోనే వోల్టేజిని పెంచువారు ఈ సంగతిని నోటుపుస్తకముతో పోల్చి చూచుకొనవలెను. నిరుడు 1.30 వోల్టులకు నిలిచిన వేగము ఈయేడు అదే ఉష్ణోగ్రతలో 1.30కి నిలువకున్నచో, చిప్పు అరుగుచున్నదని శంకింపవలెను. అప్పుడు వోల్టేజిని ఇంకను పెంచుట అరుగుదలను త్వరపఱచుటయే యగును. వేగమును నూఱో ఇన్నూఱో మెగాహెర్ట్జులు తగ్గించి, పరీక్షను మొదటినుండి మరల జరుపవలెను.