జీపునకు పెద్ద టైర్లు: చట్టమేమనుచున్నది?

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవము నాడు ఆవరణలో ఒక జీపు నిలిచియుండెను. దాని చక్రములు మూడవ తరగతి పిల్లల నడుము వరకు వచ్చుచుండెను. బాలురందరు దాని చుట్టు మూగి, తమ యింటి బండికిని అట్టి టైర్లే వేయింపుమని తండ్రులను పోరు పెట్టిరి. నేను ముప్పది యేండ్లుగా హోసూరులో మోటారు బండ్ల మరమ్మతు చేయుచున్నవాడను. అందుచేత ఆ సాయంకాలము పలువురు తల్లిదండ్రులు నన్నే చుట్టుముట్టి, “ఇట్టి టైర్లు వేయుట చట్టసమ్మతమేనా?” యని యడిగిరి. రవాణా శాఖ కాగితములు ఇచ్చట తమిళములోను, ఇంగ్లీషులోను వచ్చును. మనలో తెలుగు మాత్రమే ధారాళముగ చదువగల పెద్దలు పెక్కురు కలరు. వారికొరకు తెలుగున వ్రాసియిమ్మని సంఘమువారు కోరగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా జీపు సంగతి. నాలుగు చక్రములకును ఇంజను శక్తి నందించు బండినే మనము వాడుకలో జీపు అనుచున్నాము. బురదలోను, ఇసుకలోను, రాళ్ల దారిలోను రెండు చక్రములు జారినను తక్కిన రెండు బండిని లాగును. చక్రము ఎంత పెద్దదైన బండి నేలనుండి అంత యెత్తుగ నిలుచును, గుంటలను అంత సులువుగ దాటును. పెద్ద టైర్లయందు మోజు పుట్టుటకు కారణమిదియే. మోజులో తప్పు లేదు. దాని వెనుక నున్న లెక్కను చూడకపోవుటయే తప్పు.

ఆ లెక్క ప్రతి టైరు ప్రక్కను అచ్చువేయబడి యుండును. మారుతీ జిమ్నీ బండికి తయారీదారు ఇచ్చు టైరుపై 195/80 ఆర్ 15 అని యుండును. 195 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అనగా టైరు గోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 80 వంతులు. 15 అనగా లోపలి ఇనుప చక్రము అడ్డుకొలత అంగుళములలో. ఈ మూటిని కలిపి గుణించినచో టైరు మొత్తము అడ్డుకొలత సుమారు 693 మిల్లీమీటర్లు. దీనికి బదులు 235/75 ఆర్ 15 టైరు వేసినచో అడ్డుకొలత సుమారు 733 మిల్లీమీటర్లగును. పెరిగినది 40 మిల్లీమీటర్లు. అయితే బండి పైకి లేచునది అందులో సగమే, అనగా 20 మిల్లీమీటర్లు. మన చిటికెన వ్రేలి రెండు కణుపుల పాటి యెత్తు కూడ కాదు.

ఆ కొద్ది యెత్తునకు చెల్లించు మూల్యము చూడుడు. టైరు చుట్టుకొలత నూటికి దాదాపు ఆరు వంతులు పెరిగినది. వేగము చూపు ముల్లు చక్రము తిరుగు సంఖ్యనుబట్టి చూపునది. కావున అది 60 అని చూపుచుండగా బండి నిజముగ గంటకు 63 కిలోమీటర్లకు పైగా పోవుచుండును. 80 అని చూపునపుడు సుమారు 85 కిలోమీటర్లు. వేగ పరిమితి దాటితిమని మనకే తెలియదు, పోలీసువారి యంత్రమునకు తెలియును. ఇక బ్రేకు సంగతి. చక్రము పెద్దదై బరువెక్కినచో దానిని ఆపుటకు ఎక్కువ శక్తి కావలెను, కాని బ్రేకులు మాత్రము పాత చక్రము కొలతకే తయారైనవి. బండి మొత్తము పైకి లేచుటచే మలుపులలో ఒరుగు స్వభావము హెచ్చును. స్టీరింగు పూర్తిగ త్రిప్పినపుడు గాని, గుంటలో స్ప్రింగు అణిగినపుడు గాని, టైరు మడ్గార్డునకో చట్రమునకో రాచుకొనును.

ఈ చివరి మాట నేను పుస్తకములో చదివి వ్రాయుటలేదు. 2013లో నా సొంత జీపునకు నేనే పెద్ద టైర్లు తగిలించితిని. వృత్తిలో నున్నవాడను, నాకు తెలియనిదేమున్నదని యనుకొంటిని. దుకాణమున నిలిపి స్టీరింగు ఇటునటు త్రిప్పి చూచితిని. ఎచ్చటను తగులలేదు. తరువాతి ఆదివారము మా అమ్మాయిని, ఆమె తరగతి పిల్లలు ముగ్గురిని ఎక్కించుకొని అంచెట్టి మీదుగ హొగెనకల్ బయలుదేరితిని. ఖాళీ బండికిని, అయిదుగురు కూర్చున్న బండికిని గల తేడా ఘాటు దిగునపుడు తెలిసినది. ఒక మలుపులో బ్రేకు నొక్కగా బండి ముందుభాగము అణిగి, ఎడమవైపు టైరు మడ్గార్డు లోపలి అంచును పట్టుకొనెను. స్టీరింగు ఒక్క క్షణము నా చేతికి లొంగలేదు. ఎదుట బండి యేదియు రాలేదు గనుక బ్రతికితిమి. పిల్లలకు జరిగినది తెలియదు, వారు పాట పాడుచునే యుండిరి. నాకు మాత్రము ఆ దినము జలపాతము కంట ఆనలేదు. మరునాడే పాత టైర్లు తిరిగి వేయించితిని. ఆ ముగ్గురు పిల్లల తల్లిదండ్రులకు నేను ఏమని సమాధానము చెప్పియుండువాడనో యని నేటికిని తలపోయుచుందును.

ఇక చట్టము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము భారతదేశమంతటికి ఒక్కటే. హోసూరున నున్నను, బళ్లారిలో నున్నను, షోలాపురమున నున్నను, బరంపురమున నున్నను, యానాములో నున్నను మనకు వర్తించునది అదియే. అందులో 52వ సెక్షను ఈ విషయమును చెప్పుచున్నది. తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకును, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును భేదము వచ్చునట్లు యజమాని బండిని మార్చరాదని దాని సారాంశము. 2019 జనవరి 9వ తేదీన కేరళ నుండి వచ్చిన యొక వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ సెక్షనును వివరించుచు, తయారీదారు నిర్ణయమునకు విరుద్ధముగ బండిని మార్చుటకు వీలులేదనియు, రాష్ట్ర ప్రభుత్వపు నిబంధనలు ఈ సెక్షనును దాటిపోజాలవనియు తీర్పు చెప్పెను.

అదే సంవత్సరము పార్లమెంటు చట్టమును సవరించి శిక్షను స్పష్టపరచెను. 182-ఎ సెక్షను నాల్గవ ఉపవిభాగము ప్రకారము, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. “ఒక్కొక్క మార్పునకు” అను మాట గమనింపుడు. పెద్ద టైర్లు వేసి, అవి రాచుకొనకుండ స్ప్రింగులు ఎత్తించి, మడ్గార్డు అంచులు కోయించినచో లెక్క ఒకటితో ఆగదు. శిక్ష యజమానికే గాని బిగించిన దుకాణదారునకు కాదని కూడ ఈ యుపవిభాగపు మాటలనుబట్టి గ్రహింపవలెను.

కొందరు దుకాణదారులు, “మార్పు అనగా బండి నిర్మాణమును మార్చి దాని మూలలక్షణమును మార్చుట యని చట్టమే చెప్పుచున్నది, టైరు నిర్మాణము కాదు గదా!” యని వాదింతురు. ఆ నిర్వచనము చట్టములో నున్నమాట నిజమే. అరిగిన టైరు తీసి అదే కొలత టైరు వేయుట మార్పు కాదనుటలోను సందేహము లేదు. కాని టైరు కొలత, అది మోయగల బరువు తయారీదారు బండిని ప్రభుత్వ పరీక్షకు నిలిపి ఆమోదము పొందిన వివరములలోనివి. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 95వ నిబంధన టైరు పరిమాణమును గురించియే యున్నది. దారిలో ఆపిన అధికారి యెదుట గాని, ప్రమాదము పిమ్మట న్యాయస్థానమున గాని ఆ వాదమును నెగ్గించుకొను భారము మనది, దుకాణదారునిది కాదు.

మరి యే కొలత వేయవచ్చును? తయారీదారు ఆ నమూనాకు తానే పేర్కొన్న కొలతలు వేయవచ్చును. డ్రైవరు ప్రక్క తలుపు తెరచినచో కంబముపై అతికించిన చీటీలోను, బండితో ఇచ్చిన పుస్తకములోను అవి యుండును. కొన్ని నమూనాలకు రెండు కొలతలుండును. 2020లో వచ్చిన మహీంద్రా థార్ బండికి ఒక రకమునకు 245/75 ఆర్ 16, మరియొక రకమునకు 255/65 ఆర్ 18 ఇచ్చిరి. ఇట్టిచోట ఒక రకపు కొలతను మరియొక రకమునకు వేయదలచినచో, అది తగునని తయారీదారు ప్రతినిధి చేత వ్రాయించుకొని బండిలో ఉంచుకొనుట మేలు.

విదేశములలోని బంధువుల మాట విని మోసపోవువారును కలరు. ఆస్ట్రేలియాలో నున్న మనవారు, “ఇచ్చట 50 మిల్లీమీటర్ల వరకు పెంచవచ్చును” అని వ్రాయుదురు. అచ్చటి జాతీయ నియమావళి ఇట్టి బండ్లకు తయారీదారు పేర్కొన్న అతిపెద్ద కొలతకంటె 50 మిల్లీమీటర్లు మించని అడ్డుకొలతను కొన్ని షరతులతో ఒప్పుకొనుచున్నది. మన చట్టములో అట్టి సడలింపు కొలత లేదు. ఆ దేశపు నియమము ఆ దేశపు దారులకే.

టైరు కొనునపుడు చూడవలసినవి మరికొన్ని గలవు. కొలత ప్రక్కనే ఒక అంకె, ఒక ఇంగ్లీషు అక్షరము ఉండును. అంకె బరువును తెలుపును: 94 అనగా ఒక్కొక్క టైరు 670 కిలోలు, 100 అనగా 800 కిలోలు మోయును. అక్షరము వేగమును తెలుపును: క్యూ అనగా గంటకు 160 కిలోమీటర్లు, హెచ్ అనగా 210. ఈ రెండును తయారీదారు చెప్పినదానికి తగ్గరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పక యుండవలెను. నాలుగంకెల తేదీలో 2324 అని యున్నచో అది 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనది. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో దానిని మార్చవలసినదే. జీపునకు ప్రత్యేకముగ మరియొక మాట: నాలుగు టైర్లును, అదనపు టైరును ఒకే కొలత గలవిగ నుండవలెను. ముందు చక్రములు ఒక కొలత, వెనుకవి ఒక కొలత అయినచో, నాలుగు చక్రములకు శక్తినిచ్చునపుడు గేర్లు ఒకదానితో నొకటి పెనుగులాడి విరుగును.

బీమా విషయము తుదకు వ్రాయుచున్నను తక్కువది కాదు. బండిని మార్చిన సంగతి బీమా సంస్థకు తెలుపనిచో, ప్రమాదమున మన బండికి కలిగిన నష్టము చెల్లించుటకు వారు నిరాకరింపవచ్చును. సొంత బండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగిసి, పునరుద్ధరణకు పోయినపుడు కూడ తనిఖీ జరుగును. అప్పుడు పాత కొలత టైర్లకై వెదకుకొనవలసి వచ్చును.

ఇప్పటికే పెద్ద టైర్లు వేయించినవారు సిగ్గుపడవలసిన పనిలేదు. నేనును వేయించినవాడనే. తలుపు కంబముమీది చీటీని, టైరుమీది అంకెలను ఒక్కసారి ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. అవి కలియనిచో, పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొని తరువాతి ప్రయాణమునకు బయలుదేరకమునుపే సరిచేయింపుడు.