కల్లు పులుస్తుంది, బీరు ఎందుకు పులవదు?

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో పొద్దున్నే దించిన కల్లు తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. మర్నాటికి పుల్లబడిపోతుంది. బీరులోనూ చక్కెరను ఆల్కహాలుగా మార్చేది ఈస్టే. అయినా పాశ్చరైజేషన్ తెలియని 18వ శతాబ్దం చివరి రోజుల్లోనే లండన్ బీరు నెలల తరబడి ఓడల్లో ప్రయాణించి కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవులకు చేరేది. ‘ఇండియా పేల్ ఏల్’ అనే పేరు ఆ వ్యాపారం పుణ్యమే. బీరును అలా నిలబెట్టినవాటిలో ముఖ్యమైనది హాప్స్ అనే తీగ పువ్వు.

హాప్స్ గంజాయి కుటుంబానికి చెందిన మొక్క. దీనికి చలికాలపు విశ్రాంతి, వేసవిలో బాగా పొడవైన పగళ్లు కావాలి. అందుకే 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య బాగా పండుతుంది. 18 డిగ్రీల దగ్గరున్న వరంగల్‌లో దీన్ని పండించడం కష్టం. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ దీనికి అనువైంది.

ఆడ పువ్వుల రేకుల అడుగున పసుపుపచ్చని పొడి ఉంటుంది. అందులోని ఆల్ఫా ఆమ్లాలు మొలకెత్తిన బార్లీ రసంతో కలిసి గంటసేపు మరిగితే రూపం మార్చుకుని ఐసో ఆల్ఫా ఆమ్లాలవుతాయి. చేదు వీటిదే. రసాన్ని పుల్లబరిచే లాక్టిక్ బ్యాక్టీరియా కణంలోకి ఇవి ప్రోటాన్లను చేరవేసి, దాన్ని ఎదగనివ్వవు. ఈస్టు మాత్రం ఈ దెబ్బకు తట్టుకుంటుంది.

పూర్వం ప్రధానంగా నిల్వ కోసం వేసిన పువ్వును ఇప్పుడు వాసన కోసం ఏరుకుంటున్నారు. 1972లో అమెరికాలో విడుదలైన కాస్కేడ్ రకం పంపరపనస వాసన ఇస్తుంది. న్యూజీలాండ్ రకం నెల్సన్ సావిన్ తెల్ల ద్రాక్షను గుర్తుకు తెస్తుంది. సిట్రాలో మామిడి, నిమ్మ జాతి పండ్ల పరిమళం. ఈ వాసనల్లో పాలున్న, సల్ఫర్ ఉండే థయోల్స్ అనే పదార్థాలు లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పసిగట్టేస్తుంది.

మన దగ్గర లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం. దాన్ని అనుమతించే దేశాల్లో ఔత్సాహికులు కొత్త రకం చేతికొస్తే ముందు ఆల్ఫా శాతం చూస్తారు. సిట్రాలో అది సుమారు 12, చెక్ దేశపు సాజ్‌లో 3 నుంచి 4. ఇరవై లీటర్లకు 20 గ్రాముల సిట్రా ఇచ్చే చేదు కావాలంటే సాజ్ 60 గ్రాములకు పైనే పడుతుంది. ఎక్కువసేపు మరిగితే పరిమళ తైలాలు ఆవిరైపోతాయి కాబట్టి వాసన కోసం వేసే పువ్వును చివర్లోనో, రసం చల్లారి పులిసేటప్పుడో కలుపుతారు. రకాల తేడా తేలాలంటే బార్లీ, ఈస్టు, ఉష్ణోగ్రత మార్చకుండా పువ్వొక్కటే మార్చాలి. ఈస్టును మారిస్తే లెక్క తప్పుతుంది. పువ్వులోని జెరానియోల్‌ను ఈస్టు సిట్రొనెలోల్‌గా మార్చేస్తుంది, అంటే గులాబీ వాసన నిమ్మ వైపు జరుగుతుంది.

కల్లులో ఈ వైవిధ్యమంతా చెట్టుది, వేళది. తాటికి గెలలు గీస్తారు, ఈతకు మొవ్వు దగ్గర మాను చెక్కుతారు, ఏజెన్సీ ప్రాంతాల్లో జీలుగ పూగుత్తి కోస్తారు. తాటిలోనూ మగ చెట్టు పోద్దాడు, ఆడ చెట్టు పండుతాడు. కల్లు తాగేవాళ్లు వీటి రుచులను విడివిడిగా చెప్పగలరు. చెట్టు నుంచి కారే రసంలో నూటికి 10 నుంచి 15 పాళ్లు చక్కెర ఉంటుంది. గాలిలోంచి, పురుగుల వెంట, పాత లొట్టి గోడల మీంచి వచ్చే ఈస్టు, బ్యాక్టీరియా చెట్టు మీదే పని మొదలుపెడతాయి. లొట్టి లోపల సున్నం పూస్తే వాటి జోరు తగ్గి రసం పులవని నీరాగా నిలుస్తుంది.

మరి కల్లులో హాప్స్ వేస్తే? పచ్చిగా వేసిన పువ్వు చేదు పెద్దగా ఇవ్వదు. మరిగిస్తే ఈస్టు చచ్చి, ఆల్కహాలు ఆవిరై అది కల్లే కాకుండా పోతుంది. కాచిన హాప్స్ సారాన్ని విడిగా తెచ్చి కలిపినా అడ్డుకోగలిగేది లాక్టిక్ బ్యాక్టీరియా జాతులనే. కల్లులో పెరిగే జైమోమోనాస్, ఆల్కహాలును వెనిగర్‌గా మార్చే అసిటోబాక్టర్ గ్రామ్ నెగటివ్ రకాలు. వాటి బయటి పొర హాప్స్ ఆమ్లాలను లోపలికి రానివ్వదు. మూత బిగించిన సీసాలో గాలి అందక అసిటోబాక్టర్ ఆగిపోతుంది, మూతిలేని లొట్టిలో దానికి అడ్డేమీ లేదు. అంటే బీరును కాపాడింది హాప్స్ ఒక్కటే కాదు. మరిగించడం, ఎంచి వేసిన ఈస్టు, గాలి చొరని పాత్ర కూడా దానికి తోడయ్యాయి. ఆ మూడూ లేని కల్లును దించిన పూటే తాగాలి.