కూరగాయలకు బ్యాక్టీరియా ఎరువు: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చాలదు

తొలకరి చినుకు పడగానే లేచే మట్టివాసనకు ప్రధాన కారణం జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని ఎక్కువగా తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ అనే నేల బ్యాక్టీరియా. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ జాతినే వర్మీకంపోస్టు నుంచి వేరుచేసి పరీక్షించారు. వాటిలో కొన్ని శనగలో ఎండు తెగులును అదుపు చేశాయి, వరి ఎదుగుదలకూ తోడ్పడ్డాయి.

కూరగాయల రైతుకు ఎరువుల దుకాణంలో ఎక్కువగా దొరికేవి వేరు. అజటోబాక్టర్, అజోస్పైరిల్లమ్ గాలిలోని నత్రజనిని మొక్క తీసుకోగలిగే రూపంలోకి మారుస్తాయి. టమాటా, వంగ, మిరపకు ఇవి పనికొస్తాయి. రైజోబియం చిక్కుడు, బొబ్బర్ల వంటి పంటల వేళ్ల బుడిపెల్లోనే నత్రజనిని పట్టి ఇస్తుంది. దాన్ని టమాటాకు వేస్తే డబ్బు దండగే.

నన్ను అడిగితే మన నేలల్లో ముందుగా పట్టించుకోవాల్సింది భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను. దుకాణాల్లో పి.ఎస్.బి. అంటారు. మనం వేసే డి.ఎ.పి.లోని భాస్వరంలో చాలా భాగం ఆ పంటకు అందదు. నల్లరేగడిలో కాల్షియంతో, ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియంతో కలిసి బిగుసుకుపోతుంది. పంట పంటకూ బస్తాలు గుమ్మరిస్తున్నా నేలలో నిల్వ పెరుగుతుందే తప్ప మొక్క ఆకలి తీరదు. ఈ బ్యాక్టీరియా విడుదల చేసే సేంద్రియ ఆమ్లాలు ఆ నిల్వలో కొంత కరిగించి వేళ్లకు అందిస్తాయి.

ప్యాకెట్‌లో ఉన్నవి ప్రాణమున్న జీవులు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి జీవన ఎరువులు 2006లో వచ్చాయి. దాని ప్రకారం పొడి రకంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకు 10 కోట్ల బతికున్న కణాలుండాలి. గడువు దాటినదీ, ఎండ తగిలేచోట పెట్టినదీ కొనకండి.

ఎకరాకు 2 కిలోల పొడిని 100 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, తేమ ఆరకుండా నీడలో ఉంచి, సాయంత్రం పూట సాళ్లలో వేయాలి. కిలో పొడి కలిపిన 10 లీటర్ల నీళ్లలో నారు వేళ్లను కాసేపు ముంచి నాటవచ్చు. తెగుళ్ల మందులతో, రసాయన ఎరువులతో కలపకూడదు. పశువుల ఎరువు ఎరగని నేలలో ఈ జీవులకు తిండే ఉండదు, ఎక్కువ కాలం బతకవు. యూరియా ఒక్కసారిగా మానేయకుండా, ముందు నాలుగో వంతు తగ్గించి పంట తీరు చూడండి.

అయితే పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు పక్కన సాగుచేసేవారికి ఇంకో మాట చెప్పాలి. ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఇక్కడి పొలాలు, నీళ్లు పాడైన సంగతి 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భార లోహాలను ఏ బ్యాక్టీరియా ఎరువూ మాయం చేయలేదు. పైగా భాస్వరాన్ని కరిగించే ఆమ్లాలే కొన్ని లోహాలనూ కరిగించి మొక్కలోకి చేర్చే ప్రమాదముంది. అందుకే ఇక్కడ ప్యాకెట్ కొనడానికి ముందే మట్టికీ, బోరునీటికీ భార లోహాల పరీక్ష చేయించాలి. లోహాలు తేలిన చెలకలో పాలకూర, తోటకూర అసలే వేయకూడదు, ఆకుకూరలు వాటిని తొందరగా పీల్చుకుంటాయి. ఆ పరీక్ష ఖర్చు మాత్రం రైతు నెత్తిన వేయడం అన్యాయం. వాగులోకి వ్యర్థాలు వదిలినవాళ్ల దగ్గరే ప్రభుత్వం వసూలు చేయాలి.