చివరి కిలో నత్రజని: నైట్రేట్ కాలుష్య నివారణలో ఆర్థిక కోణం

45 కిలోల యూరియా బస్తా ధర రూ. 266.50. అందులో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అంటే కిలో నత్రజని రైతుకు దాదాపు 13 రూపాయలకే లభిస్తున్నది. 2025-26లో మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,400. ఈ ధరల వద్ద అదనపు కిలో నత్రజని వల్ల గింజ దిగుబడి 540 గ్రాములు పెరిగినా ఎరువు ఖర్చు తిరిగి వస్తుంది.

కనుక పైరు ప్రతిస్పందన దాదాపు నిలిచిపోయే వరకు ఎరువు వేయడం రైతు దృష్టిలో హేతుబద్ధమే. అయితే ఆ దశలో పైరు గ్రహించని నత్రజని వాటా పెరుగుతుంది. రుణావేశం గల నైట్రేట్‌ను మట్టి రేణువులు పట్టి ఉంచలేవు. తేలిక నేలల్లో అది నీటితోపాటు భూగర్భ జలాలను చేరుతుంది. తాగునీటిలో నైట్రేట్‌కు భారతీయ ప్రమాణాల పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది మించిన బావి నీటిని శుద్ధి చేసే వ్యయం గాని, పసిబిడ్డల ఆరోగ్యానికి కలిగే ముప్పు గాని బస్తా ధరలో చేరవు.

గరిష్ఠ లాభ స్థాయి సమీపంలో మోతాదును కొద్దిగా తగ్గిస్తే నికరాదాయ నష్టం స్వల్పమే. అయినా రైతు వెనుకాడతాడు. 20 కిలోల అదనపు నత్రజని ఆయనకు 260 రూపాయల బీమా వంటిది. అందువల్ల పొదుపు బోధ చాలదు. భూసార పరీక్ష ఆధారంగా, దఫాలుగా, తక్కువ మోతాదు వేసిన మడిని ఆయన పొలంలోనే చూపి, దిగుబడిపై భరోసా కలిగించడమే విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం.