ఇంట్లో ఆన్‌లైన్ వ్యాపారం.. కంపెనీ పెట్టాలా, వద్దా?

దమ్మపేట: ఇంట్లో ఉండే వాట్సాప్‌లో, మీషోలో బురఖాలు, స్కార్ఫులు అమ్ముకునే ఒక ఆపా ఉందనుకుందాం. నెలకు ముప్పై, నలభై వేల అమ్మకం. "కంపెనీ రిజిస్టర్ చేయించుకో, లేకపోతే రేపు ఇబ్బంది" అని ఎవరో భయపెట్టారు. చేయించాలా?

ఈ స్థాయిలో అక్కర్లేదు. సొంత పేరు, సొంత పాన్‌తో అమ్ముకోవడం చట్టబద్ధమే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కావాలంటే ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితం. దానికి ఎవరైనా డబ్బు అడిగితే అది ఫారం నింపిన కూలీ, సర్కారు ఫీజు కాదు.

ముందు చూసుకోవాల్సింది జీఎస్టీ. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. పక్కనున్న ఆంధ్రలో ఈ హద్దు 40 లక్షలు. 2023 అక్టోబర్ 1 నుంచి ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లలో అమ్మినా, రాష్ట్రం లోపలే అయితే ఎన్‌రోల్‌మెంట్ నంబర్ సరిపోతుంది. మన దగ్గర చిక్కంతా సరిహద్దుతోనే. సత్తుపల్లికి పార్సిల్ పంపితే ఫర్వాలేదు. జంగారెడ్డిగూడెం పంపితే అది వేరే రాష్ట్రం. టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ నంబర్ ఉండాలి. నంబర్ తీసుకున్నాక అమ్మకం లేకపోయినా నిల్ రిటర్న్ వేయాల్సిందే, మరిస్తే రోజుకు 20 రూపాయలు.

కంపెనీ పెట్టడం తేలిక, నడపడమే బరువు. ఒక్కరే యజమానిగా ఉండే వన్ పర్సన్ కంపెనీకైనా అమ్మకాలతో పని లేకుండా ఏటా సీఏతో ఆడిట్ చేయించాలి, రెండు వార్షిక ఫారాలు దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. ఏడాది మర్చిపోతే రెండింటికీ కలిపి 73 వేలు! ఆపా లాభమంతా అక్కడికే పోతుంది.

కంపెనీ అయితే అప్పులొచ్చినా ఇంటి జోలికి రారంటారు. నిజమే, కానీ చిన్న కంపెనీకి అప్పిచ్చే బ్యాంకులు మామూలుగా యజమాని సొంత హామీ అడుగుతాయి. సంతకం పెట్టాక ఆ రక్షణ ఎక్కడిది?

బయటివాళ్లు వాటా పెట్టుబడి పెడతామన్నప్పుడో, పెద్ద సంస్థలు కంపెనీతోనే ఒప్పందం అన్నప్పుడో ఆలోచించవచ్చు. తమ్ముడి డబ్బు, ఆపా కష్టం అయితే పార్ట్‌నర్‌షిప్ డీడ్ చాలు. అయినవాళ్లే కదా అని నోటిమాటతో వదిలేయొద్దు. బాకీలు రాసిపెట్టుకోమని సూరా బఖరా 282వ ఆయత్‌లోనే ఉంది.

జకాత్‌కు మాత్రం రిజిస్ట్రేషన్‌తో పనిలేదు. అమ్మకానికి ఉంచిన సరుకు విలువ, చేతిలో నగదు కలిపి నిసాబ్‌కు చేరి ఏడాది గడిస్తే 2.5 శాతం. కుట్టుమిషన్ ఆ లెక్కలోకి రాదు.