బ్యాక్‌స్కాటర్ రేడియో

బ్యాక్‌స్కాటర్ రేడియో అనగా ఒక పరికరం తాను స్వయంగా రేడియో తరంగాలను పుట్టించకుండా, వేరొక చోటి నుండి వచ్చి తనపై పడిన తరంగాలనే తిప్పి పంపుతూ, ఆ పరావర్తనంలో సమాచారాన్ని చేర్చే నిస్తంత్రీ ప్రసార పద్ధతి. ఎండలో అద్దం ముక్క పట్టుకొని ఎదుటి గోడపై వెలుగును ఆడించే పిల్లవాడు చేసేది ఇటువంటి పనే. వెలుగు సూర్యునిది, పిల్లవాడు ఖర్చు పెట్టేది మణికట్టు తిప్పే శ్రమ మాత్రమే. టోల్‌గేటు వద్ద కారు ముందరి అద్దానికి అంటించి ఉండే ఫాస్టాగ్ బిళ్ళ ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. అందులో బ్యాటరీ ఉండదు. అతి తక్కువ విద్యుత్తుతో నడిచే పరికరాలపై జరుగుతున్న పరిశోధనలలో ఈ పద్ధతికి ముఖ్యమైన స్థానం ఉంది.

శక్తి ఎక్కడ ఖర్చవుతుంది

ఉష్ణోగ్రతను, తేమను, కదలికను కొలిచే చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు కొద్ది మైక్రోవాట్లతో పనిచేయగలవు. వాటులో పది లక్షవ వంతు ఒక మైక్రోవాటు. ట్రాన్సిస్టర్ల పరిమాణం తగ్గిన కొద్దీ లెక్కలు చేయడానికి, కొలతలు తీయడానికి అయ్యే ఖర్చు ఏటేటా తగ్గుతూ వచ్చింది. కొలిచిన విలువను గాలిలో పంపే రేడియో భాగం మాత్రం అంతగా లొంగలేదు. దీనికి కారణం ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద పనిచేసే వై-ఫై పరికరం సెకనుకు 240 కోట్ల కంపనాలు గల వాహక తరంగాన్ని నిలకడగా పుట్టించాలి, తరువాత దానిని పెంచి ఏంటెనాకు అందించాలి. తరంగం కొంత దూరం చేరవలెనంటే కొంత శక్తి తప్పదు. ట్రాన్సిస్టరు చిన్నదైనంత మాత్రాన ఆ దూరం తగ్గదు.

తేడా ఎంతటిదో ఒక లెక్కతో చూడవచ్చు. రూపాయి బిళ్ళ వంటి 3 వోల్టుల గుండ్రటి బ్యాటరీలో సుమారు 225 మిల్లీ ఆంపియర్-గంటల విద్యుత్తు ఉంటుంది. అంటే 0.675 వాట్-గంటలు. నిరంతరాయంగా 30 మిల్లీవాట్లు తినే రేడియోను ఇది 22 గంటల 30 నిమిషాలు నడుపుతుంది. 15 మైక్రోవాట్లు మాత్రమే తినే పరికరాన్నయితే 45,000 గంటలు, అనగా ఐదేళ్ళకు పైగా నడుపుతుంది. బ్యాటరీ తనంతట తాను తరిగిపోవడాన్ని ఈ లెక్కలో చేర్చలేదు. వంతెన దూలంలోనో, పొలం మట్టిలోనో అమర్చిన వేలాది పరికరాలకు ఎప్పటికప్పుడు బ్యాటరీలు మార్చడం ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు. పాత బ్యాటరీలను ఎక్కడ పారవేయాలన్నది ఇంకొక చిక్కు.

పనిచేసే విధానం

రేడియో తరంగం ఏంటెనాను తాకినపుడు అందులో సూక్ష్మమైన విద్యుత్ ప్రవాహం పుడుతుంది. ఏంటెనాకు కలిపిన వలయం దానికి సరిగ్గా జత కుదిరినదైతే శక్తిలో అధిక భాగం వలయంలోనికి పోతుంది. జత కుదరకపోతే, ఉదాహరణకు ఏంటెనా రెండు కొనలను నేరుగా కలిపివేస్తే, శక్తి వెనుకకు మళ్ళుతుంది. ఈ రెండు స్థితుల మధ్య మార్చడానికి ఒక ట్రాన్సిస్టరు స్విచ్చి చాలును. ఒక స్థితిని 1 అనుకుంటే రెండవది 0 అవుతుంది. లోనికి తీసుకున్న శక్తిని డయోడ్లతో ఏకముఖ విద్యుత్తుగా మార్చి కెపాసిటరులో నిలువ చేసి, ఆ శక్తితోనే చిప్పును నడుపుకోవచ్చును.

లభించే శక్తి చాలా స్వల్పం. టోల్‌గేటు రీడర్లు వాడే 866 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లు. అన్ని దిశలకూ 4 వాట్లు పంపే ప్రసారిణికి సమానమైన బలంతో రీడరు తరంగాలను పంపుతున్నదనుకుంటే, అడ్డంకులు లేని చోట 10 మీటర్ల దూరంలోని సాధారణ ఏంటెనాకు అందేది 30 మైక్రోవాట్లు మాత్రమే. 20 మీటర్ల వద్ద అది నాలుగవ వంతుకు పడిపోతుంది. తిరుగు ప్రయాణంలో పరిస్థితి ఇంకా కఠినం. పోవడంలో ఒకసారి, రావడంలో ఒకసారి బలహీనపడడం వలన, రీడరుకు తిరిగి చేరే సంకేతం దూరం రెట్టింపైతే పదహారవ వంతుకు తగ్గుతుంది. పైగా రీడరు తన సొంత తరంగాన్ని పంపుతూనే ఈ పరావర్తనాన్ని వినాలి. డప్పు కొడుతూ ఎదుటివాడి గుసగుస వినడం వంటిది ఈ పని.

మెట్రో రైలు కార్డుల వంటివి కూడా బ్యాటరీ లేకుండానే పనిచేస్తాయి గాని, వాటిని ఈ కోవలో చేర్చడం సరికాదు. అవి 13.56 మెగాహెర్ట్జ్ వద్ద, కొద్ది సెంటీమీటర్ల దూరంలో, ట్రాన్స్‌ఫార్మరులోని రెండు తీగచుట్టల వలె అయస్కాంత క్షేత్రం ద్వారా సంబంధం కలుపుకుంటాయి. బ్యాక్‌స్కాటర్‌లో తరంగం నిజంగా ప్రయాణం చేసి తిరిగి వస్తుంది.

చరిత్ర

ఈ పద్ధతి తొలి రోజులలోనే గూఢచర్యానికి ఉపయోగపడింది. 1945 ఆగష్టు 4న సోవియట్ బాలబాలికలు మాస్కోలోని అమెరికా రాయబారి ఏవరెల్ హారిమన్‌కు చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్రను బహూకరించారు. అది రాయబారి నివాసంలో గోడకు ఏడేళ్ళు వేలాడింది. లోపల సంగీత వాద్య నిర్మాతగా పేరుపొందిన లెవ్ థెరెమిన్ రూపొందించిన పరికరం ఉన్నది. అందులో బ్యాటరీ లేదు, తీగలు లేవు. ఒక పలుచని పొర, లోహపు గూడు, ఏంటెనా మాత్రమే ఉన్నాయి. భవనం బయటి నుండి రేడియో తరంగాలను దానిపైకి పంపినపుడు, గదిలోని మాటలకు పొర కంపించి పరావర్తనాన్ని మార్చేది. పంపడం ఆపినపుడు అది వట్టి లోహపు ముక్క. అందువలన తనిఖీలకు దొరకలేదు. 1952లో బయటపడిన ఈ పరికరాన్ని 1960లో అమెరికా ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శించింది.

బహిరంగ శాస్త్ర సాహిత్యంలో ఈ విషయాన్ని మొదట వివరంగా చర్చించినవాడు హారీ స్టాక్‌మన్. పరావర్తిత శక్తి ద్వారా సమాచార ప్రసారం గురించి ఆయన వ్యాసం 1948 అక్టోబరులో అమెరికా రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో వెలువడింది. చేయవలసిన పరిశోధన ఇంకా చాలా ఉన్నదని ఆయన అందులోనే చెప్పారు. అది నిజమే. ట్రాన్సిస్టరు పుట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ రావడానికి మరి పదేళ్ళు పట్టింది. 1970లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పశువులను గుర్తించడానికి ఇటువంటి బిళ్ళలను తయారు చేశారు. కోయెల్, డెప్, ఫ్రేమన్ అనే శాస్త్రవేత్తలు 1975లో ఈ పరిశోధనను ప్రచురించారు. సరుకుల గుర్తింపుకు, రహదారి సుంకానికి వాడే నేటి రేడియో బిళ్ళలు ఈ మార్గంలో వచ్చినవే.

పరిసర తరంగాల వినియోగం

రేడియో బిళ్ళ చదవాలంటే దానికి తగిన రీడరు ఎదురుగా ఉండాలి. టీవీ, ఎఫ్.ఎం., వై-ఫై తరంగాలు ఎలాగూ చుట్టూ ఉన్నవి గదా, వాటినే ఎందుకు వాడుకోరాదు అన్న ప్రశ్నతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కొత్త పరిశోధనలు ఆరంభమైనాయి. 2013లో విన్సెంట్ లియు, ఏరన్ పార్క్స్, వంశీ తాళ్ళ, శ్యామ్‌నాథ్ గొల్లకోట, డేవిడ్ వెదరాల్, జాషువా స్మిత్ కలిసి టీవీ కేంద్రపు తరంగాలను పరావర్తనం చేస్తూ రెండు బ్యాటరీ లేని పరికరాలు పరస్పరం సమాచారం పంపుకోగలవని నిరూపించారు. వీరిలో గొల్లకోట మద్రాసు ఐఐటిలో చదివినవారు.

టీవీ సంకేతం తనంతట తానే క్షణక్షణం మారుతుంది. అందులో చిన్న పరికరం చేసిన మార్పును పోల్చుకోవడం ఎట్లా అన్నదే ఇందులోని అసలు చిక్కు. వారు కనుగొన్న ఉపాయం సరళమైనది. పరికరం తన స్థితిని టీవీ సంకేతం కంటె ఎంతో నెమ్మదిగా మారుస్తుంది. స్వీకరించే పరికరం కొంతసేపటి సగటు తీసుకుంటే టీవీ సంకేతపు ఒడిదుడుకులు చదునైపోయి, నెమ్మదిగా మారే 1, 0 లు మిగులుతాయి. సాధించిన వేగం సెకనుకు 1 కిలోబిట్. దూరం ఆరుబయట రెండున్నర అడుగులు, ఇంటిలో ఒకటిన్నర అడుగు. ఈ అంకెలను చూసి తక్కువ అంచనా వేయరాదు. రెండు పరికరాలలోనూ బ్యాటరీ లేదు, మధ్యలో రీడరూ లేదు.

2016లో వచ్చిన పాసివ్ వై-ఫై మరొక దారి పట్టింది. గోడ ప్లగ్గుకు తగిలించిన పరికరం ఒకటి వాహక తరంగాన్ని మాత్రం పంపుతుంది. చిన్న పరికరం తన స్విచ్చిని సెకనుకు కోటికి పైగా సార్లు మారుస్తుంది. అప్పుడు పరావర్తిత తరంగం అంత మేరకు పక్క పౌనఃపున్యానికి జరిగి, మామూలు ఫోను చదవగల వై-ఫై సంకేతంగా తయారవుతుంది. పక్కకు జరగడం వలన డప్పు, గుసగుసల సమస్య కూడా చాలా వరకు తీరింది. సెకనుకు 1 మెగాబిట్ పంపడానికి 14.5 మైక్రోవాట్లు, 11 మెగాబిట్లకు 59.2 మైక్రోవాట్లు సరిపోయాయి. 2017లో లోరా పద్ధతిని ఇందుకు అన్వయించినపుడు, పరికరం ప్రసారిణి పక్కనే ఉంటే 2.8 కిలోమీటర్ల దూరంలో సంకేతం అందింది.

అదే ఏడాది ఈ బృందం బ్యాటరీ లేని ఫోను నమూనాను ప్రదర్శించింది. మాటలను అంకెలుగా మార్చడానికి అయ్యే శక్తిని కూడా మిగిల్చి, మైక్రోఫోను కంపనాలనే నేరుగా పరావర్తనంలోనికి ఎక్కించారు. మాస్కో చెక్క రాజముద్రలో జరిగినది సరిగ్గా ఇదే. దాదాపు మూడున్నర మైక్రోవాట్లతో పనిచేసిన ఈ ఫోను, గాలిలోని రేడియో శక్తిపై ఆధారపడినపుడు ప్రత్యేక కేంద్రం నుండి 31 అడుగుల దూరం వరకు, వెలుతురును కూడా వాడుకున్నపుడు 50 అడుగుల వరకు పలికింది.

పరిమితులు

ఈ పద్ధతిలో శక్తి ఆదా అవుతుందనడం సగం నిజం. ఖర్చు చిన్న పరికరం నుండి తప్పి, కరెంటు అందుబాటులో ఉన్న ప్రసారిణి మీదికి పోతుంది. గోడలో కరెంటు ఉన్న ఇంటికి, గిడ్డంగికి ఇది మంచి బేరమే. అడవి మధ్యలో అమర్చే పరికరానికి కాదు. భద్రత మరొక సమస్య. కొద్ది మైక్రోవాట్లతో నడిచే చిప్పు బలమైన సంకేత గోపనం చేయడం కష్టం, తనను ఎవరు చదువుతున్నదీ యజమానికి తెలియజేయనూ లేదు.

మొబైల్ ప్రమాణాలను రూపొందించే త్రీజీపీపీ సంస్థ తన 19వ విడత ప్రమాణాల పనిలో ఇటువంటి పరికరాలకు చోటు కల్పించింది.

భారతదేశంలో

2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుండి జాతీయ రహదారుల టోల్‌గేట్లలో అన్ని వరుసలనూ ఫాస్టాగ్ వరుసలుగా ప్రకటించడంతో ఈ సాంకేతికత దేశంలో సామాన్యుల చేతికి వచ్చింది. హైదరాబాదు - విజయవాడ రహదారిపై పంతంగి టోల్‌గేటు దాటే ఫాస్టాగ్ ఉన్న ప్రతి కారూ తన గుర్తింపు సంఖ్యను పరావర్తనం ద్వారానే చెప్పుకుంటుంది.

సియాటెల్‌లో టీవీ తరంగాలతో చేసిన ప్రయోగం ఇక్కడ అదే రూపంలో పనికిరాదు. దూరదర్శన్ తన అనలాగ్ భూతల ప్రసారిణులలో అత్యధిక భాగాన్ని 2022 నాటికి మూసివేసింది. ఇండ్లకు టీవీ కేబులు ద్వారా, ఉపగ్రహ డిష్ ద్వారా వస్తున్నది. ఎఫ్.ఎం. కేంద్రాలు మాత్రం నగరాలలో బలంగా ఉన్నవి. 2017లో ఎఫ్.ఎం. తరంగాలతో జరిగిన ప్రయోగంలో సుమారు 11 మైక్రోవాట్ల వ్యయంతో 5 నుండి 60 అడుగుల దూరం సాధించారు. సంకేతాన్ని వినడానికి ఎఫ్.ఎం. రేడియో ఉన్న మామూలు ఫోను సరిపోయింది.